నమూనా తడవకూడదు

"రాబోయే ముప్పై ఏళ్లలో మన జిల్లాలో ఏ బడి కప్పూ కారదని ఈ వేదిక మీంచి హామీ ఇస్తున్నాను!"

పాఠశాల భవనాల దీర్ఘకాలిక ప్రణాళికా మండలి చైర్మన్ గారు ఈ మాట అంటుండగానే, ఆ వేదిక పైనున్న కప్పులోంచి ఒక చుక్క రాలి సరిగ్గా ఆయన ఉపన్యాసం కాగితం మీద పడింది. ఇంకొకరైతే కంగారుపడేవారే. చైర్మన్ గారు సామాన్యులు కారు. ఎన్నికల్లో ఓడిపోయినా ప్రజాసేవ మానుకోలేక, బంగళా, కారు, ఇద్దరు సహాయకులతో సహా ఈ పదవిని త్యాగబుద్ధితో స్వీకరించిన మనిషి. కాగితాన్ని చొక్కాకు తుడుచుకుని, "చూశారా! ఈ పాత భవనం కూడా ఆనందబాష్పాలు రాలుస్తోంది," అన్నారు.

హాలు చప్పట్లతో మార్మోగింది. ఆ మోతకు ఇంకో నాలుగు చుక్కలు రాలాయి.

ముందు వరసలో ఉన్న ఆ బడి పెద్ద టీచరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొట్టకూడదని కాదు. ఆవిడ రెండు చేతులతోనూ బకెట్ పట్టుకుని ఉంది.

"సార్, చిన్న సందేహం," అంటూ బకెట్‌తోనే లేచి నిలబడింది. "ముప్పై ఏళ్ల సంగతి బాగానే ఉంది. ఈ ఏడాది సంగతేంటి?"

చైర్మన్ గారు పక్కనున్న ప్లానింగ్ ఆఫీసరు గారి వైపు చూశారు. ఆఫీసరు గారు ఆయన చెవిలో ఏదో ఊదారు.

"అమ్మా, ప్రణాళిక వచ్చే ఏడాది మొదలవుతుంది. ఈ ఏడాది అందులోకి రాదు."

"కానీ వాన ఈ ఏడాదే పడుతోందండీ."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. చైర్మన్ గారి గొప్పతనం ఇలాంటి చోటే తెలుస్తుంది. ప్రశ్న అడిగినవాళ్లని ఆయన ఎప్పుడూ కసురుకోరు. వాళ్లకో పదవి ఇచ్చేస్తారు.

"ఇదీ మనకు కావలసిన చైతన్యం! ఇప్పుడే, ఇక్కడే, ఈ అమ్మగారిని ప్రణాళిక ప్రజాభిప్రాయ సేకరణకు కన్వీనర్‌గా నియమిస్తున్నాను!"

మళ్లీ చప్పట్లు. కన్వీనర్ గారు నిండిపోయిన బకెట్‌ను పారబోయడానికి బయటికి వెళ్లింది.

*

పెద్ద టీచరు గొడవపడే మనిషి కాదు. కానీ ఆవిడ ఒక మాట ఇచ్చి ఇరుక్కుపోయింది.

వానలు మొదలైన కొత్తలో, పిల్లలు ఆటకు వెళ్లిన సమయంలో మూడో తరగతి కప్పు నుంచి ఒక పెచ్చు ఊడిపడి టీచరు కుర్చీని రెండు ముక్కలు చేసింది. ఆ రోజు నుంచి మూడో తరగతి వరండాలోకి మారింది. గాలి ఎటు కొడితే పిల్లలు అటుకేసి వీపు తిప్పి కూర్చుని ఎక్కాలు చెబుతున్నారు. తల్లిదండ్రులు వచ్చి నిలదీస్తే, "జడివానలు పట్టేలోగా మీ పిల్లల నెత్తిన కప్పు వేయిస్తాను. నాదీ పూచీ," అనేసింది.

వచ్చినవాళ్లలో ఒకావిడ సిటీ బస్సులో కండక్టరు. బస్సులో వెనక సీటు దాకా వినిపించాల్సిన గొంతు.

"ఇంతమందిలో అన్నారు మేడమ్, గుర్తుంచుకోండి. కప్పు పడకపోతే మా పాపని తీసుకుపోతా. నేనొక్కదాన్నే కాదు, మా వీధి వీధంతా దిగిపోతుంది. మళ్లీ ఎక్కించుకుందామన్నా ఎక్కరు."

వీధంతా దిగిపోతే మూడో తరగతి ఖాళీ. ఒక తరగతి ఖాళీ అయితే మండలి ఆ బడికి తాళం వేసేస్తుంది. అది నియమం. మండలి ఇప్పటిదాకా సకాలంలో చేసిన పనులన్నీ తాళాలే.

అందుకే పెద్ద టీచరు మర్నాడు పొద్దున్నే మండలి ఆఫీసుకు వెళ్లింది.

జిల్లాలో ఉన్న బడి భవనాలన్నిటి భవిష్యత్తూ నిర్ణయించే ఆ ఆఫీసు, వాటన్నిటికంటే పాతది. మెట్ల మీద నాచు. ఫైళ్లన్నీ ప్లాస్టిక్ సంచుల్లో మూతులు కట్టి ఉన్నాయి. ప్లానింగ్ ఆఫీసరు గారు తన కుర్చీ వీపుకు ఒక నల్ల గొడుగును తాడుతో బిగించి, దాని కింద కూర్చుని, ముప్పై ఏళ్ల తరవాతి జనాభా లెక్కలు చూసుకుంటున్నారు. అంత దూరదృష్టి ఉన్న మనిషికి ఎదురుగా నిలబడ్డ మనిషి కనిపించడానికి కాస్త సమయం పట్టింది.

"చెప్పండి కన్వీనర్ గారూ."

"మూడో తరగతి కప్పుకి రిపేరు చేయించాలండీ."

"మీ బడి ప్రణాళికలో ఉందా, లేదా?"

"ఉందనే అన్నారు."

"అదృష్టవంతులు. ప్రణాళికలో ఉన్న భవనానికి రిపేరు చెయ్యకూడదు."

"అదేంటండీ?"

"పదకొండో ఏట మీ భవనాన్ని కూలగొడతాం. కూలగొట్టబోయే దానికి సున్నం కూడా వెయ్యం. ప్రజాధనం."

"అయితే మా బడిని ప్రణాళికలోంచి తీసెయ్యండి."

"సంతోషంగా తీసేస్తాను. భవనం దిట్టంగా ఉందని సర్టిఫికెట్ తెండి."

"దిట్టంగా ఉంటే నాకు రిపేరు ఎందుకండీ?"

"అదే నేనూ అంటున్నాను!" ఆఫీసరు గారి ముఖం వెలిగిపోయింది. "ఇంత తొందరగా అర్థం చేసుకున్నవాళ్లు ఈ మధ్య ఎవరూ రాలేదు మేడమ్."

పెద్ద టీచరు అడిగింది. "పదకొండో ఏడు వచ్చేదాకా పిల్లలు ఏం చెయ్యాలి?"

ఆఫీసరు గారు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. కళ్లజోడు తీశారు. తుడిచారు. గొడుగు మీద చుక్కలు టపటపమని పడుతుండగా చాలాసేపు ఆలోచించారు.

"ఎదుగుతారు," అన్నారు చివరికి. "మీ మూడో తరగతి పిల్లలు అప్పటికి కాలేజీలు కూడా దాటేస్తారు. సమస్య దానంతటదే పరిష్కారమైపోతుంది. దీర్ఘకాలిక ప్రణాళికలో ఉన్న అందం అదే."

ఆవిడ గొడుగు వైపు చూసింది. "మరి మీ ఆఫీసు?"

"మేం ప్రణాళికలో లేం. వేసేవాళ్లమే అందులో దూరితే నలుగురూ ఏమనుకుంటారు?"

"లేకపోతే రిపేరు చేయించుకోవచ్చుగా మరి."

"భలేవారే!" ఆఫీసరు గారు నొచ్చుకున్నారు. "ప్రణాళిక లేకుండా రిపేరు ఎలా చేస్తామండీ?"

*

వారం తిరక్కుండా ప్రజాభిప్రాయ సేకరణ కోసం నమూనా వచ్చింది.

ముందు ఒక జీపు, వెనక ఒక లారీ, మధ్యలో నలుగురు మనుషులు ప్రాణాలుగ్గబట్టుకుని మోస్తున్న బల్ల. బల్ల మీద పదకొండో ఏట కట్టబోయే బడి. అట్టతో, మైనంతో, సన్నటి చెక్కలతో చేసిన మూడంతస్తుల భవనం. గోళీకాయంత గంట. ఆకుపచ్చ రంగు వేసిన రంపపు పొట్టుతో ఆటస్థలం. నీలం కాగితంతో ఈతకొలను. ఎక్కడ చూసినా వేలెడేసి మైనం పిల్లలు, ఒక్కరైనా ఏడవడం లేదు. దాని చుట్టూ అద్దం కూడా లేదు. ప్రజలకూ ప్రణాళికకూ నడుమ అద్దం కూడా అడ్డుండరాదని చైర్మన్ గారి సిద్ధాంతం.

"మేడమ్, ఈ బడిలో పొడిగా ఉండే గది ఏది?" అడిగారు ఆఫీసరు గారు.

"హాల్లో ఆ మూల ఒక్కటే. ఒకటో తరగతి కూర్చుంటుంది అక్కడ."

"కూర్చుంటుందా? లేపండి."

ఒకటో తరగతి కూడా వరండాలోకి వచ్చింది. మూడో తరగతి పిల్లలు సీనియర్లు కాబట్టి గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో వాళ్లకు నేర్పించారు.

చైర్మన్ గారు రిబ్బను కత్తిరించి, వంగి, చిటికెన వేలితో ఆ బుల్లి గంటను మోగించి, అందరికీ వినపడేలా ఒక్క మాట అన్నారు. "నమూనా తడవకూడదు."

వెళ్లేముందు ఆఫీసరు గారు కన్వీనరుకు నియమాలు వివరించారు. ప్రజలకు బాగా కనబడేలా నమూనాను ఆవరణలో ఎక్కడ పెట్టాలో నిర్ణయించే అధికారం పూర్తిగా కన్వీనరుదే. కన్వీనరు పెట్టిన చోటు నుంచి మార్చాలంటే మండలి పూర్తి సమావేశం తీర్మానం చెయ్యాలి. మండలి పూర్తి సమావేశం ఎప్పుడు జరుగుతుందంటారా? అది మాత్రం ప్రణాళికలో ఉంది.

ఆ మధ్యాహ్నమే ఈదురుగాలితో వాన కొట్టింది. ఎన్నడూ కారని ఆ మూల కప్పు కూడా చెమర్చింది. ఒక చుక్క ఊగి, ఊగి, నీలం కాగితం కొలనులో పడింది.

పెద్ద టీచరు ఆఫీసుకు ఫోన్ చేసింది. "సార్, మా కప్పు కారుతోంది."

"మేడమ్, మీకు విడమరిచి చెప్పానుగా..."

"మోడల్ మీద కారుతోందండీ."

అటువైపు కుర్చీ పడిపోయిన చప్పుడు వినిపించింది. దాంతోపాటు గొడుగు కూడా.

పెద్ద టీచరు ఫోను పెట్టి మొహం కడుక్కునే లోపు మండలి జీపు ఆవరణలో ఉంది. వెనకే సిమెంటు, ఇసుక, రేకులు, నిచ్చెనలు, అరడజను మంది మేస్త్రీలు. చైర్మన్ గారు స్వయంగా వచ్చి, తాను తడుస్తూ, తన గొడుగును నమూనా మీద పట్టుకుని నిలబడ్డారు. మర్నాటి పేపర్లన్నీ ఆ ఫొటో వేశాయి. ఫొటోలో వెనక వరండాలో తడుస్తూ కనిపించిన పిల్లలు కొంచెం మసకగా పడ్డారు.

రెండు రోజుల్లో హాలు మొత్తానికి కొత్త కప్పు పడింది.

"రిపేర్లు చెయ్యకూడదన్నారుగా?" అడిగింది పెద్ద టీచరు.

ఆఫీసరు గారు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "భవనానికి చెయ్యకూడదు మేడమ్. ఇది నమూనా రక్షణ. వేరే పద్దు."

"మరి పిల్లల రక్షణకి పద్దు?"

"పిల్లలేమైనా అట్టతో చేసినవాళ్లా అండీ? తడిస్తే ఆరతారు."

*

డ్రాయింగు మాస్టారు పెద్ద టీచరుకు స్వయానా మరిది. ఇంట్లో వదినా అనీ, బడిలో మేడమ్ అనీ పిలవాలని ఒప్పందం. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో ఎవరూ లేకపోయినా ఆయన గొంతు తగ్గించే మాట్లాడాడు.

"వదినా, నువ్వు ఆలోచిస్తున్నది నాకర్థమైంది. వద్దు."

"నేనేం ఆలోచించాను?"

"అన్నయ్యతో చీట్లపేక ఆడేప్పుడు నీ ముఖం ఇలాగే ఉంటుంది. ఆయన ఇంతవరకూ ఒక్క ఆటా గెలవలేదు."

"నేను కన్వీనర్ని నాయనా. మూడో తరగతి గదిలో వెలుతురు బాగుంటుంది. ప్రజలకు నమూనా చక్కగా కనపడుతుంది. ప్రజల కోసం ఆ మాత్రం చెయ్యలేమా? అటు చివర పట్టుకో."

"మేడమ్..."

"ఎత్తు."

బల్ల మూడో తరగతిలోకి వెళ్లింది. పెచ్చు ఊడిన చోటుకు సరిగ్గా కింద పెట్టారు. డ్రాయింగు మాస్టారు కళాకారుడు కాబట్టి ఒక కన్ను మూసి, చుక్క ఎక్కడ పడుతుందో గురిచూసి, బల్లను ఒక జానెడు పక్కకు జరిపాడు.

తెల్లారేసరికి మైనం పిల్లల్లో ఇద్దరు ముక్కుల దాకా మునిగి ఉన్నారు. అయినా నవ్వుతూనే ఉన్నారు. జీపు వచ్చింది. మేస్త్రీలు వచ్చారు. ఆఫీసరు గారు కప్పు వైపు, కన్వీనరు వైపు, మళ్లీ కప్పు వైపు చూశారు. నోరు తెరిచారు. నమూనాను కదిలించాలంటే మండలి సమావేశం కావాలి. కప్పు వెయ్యాలంటే తన సంతకం చాలు. నోరు మూసి సంతకం పెట్టారు.

జడివానలు పట్టేలోగా మూడో తరగతి పిల్లలు తమ గదిలోకి వచ్చేశారు. నమూనాను ముట్టుకోకుండా చుట్టూ కూర్చుని ఎక్కాలు చెప్పారు. కండక్టరమ్మ డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో నిలబడి, కొత్త కప్పును తలెత్తి చూసి, మెడలో ఉన్న విజిలు తీసి ఒకసారి ఊదింది.

"రైట్ రైట్ మేడమ్," అంది. "మాట మీద నిలబడ్డారు. మా వీధంతా సీట్లలోనే కూర్చుంది."

పెద్ద టీచరు అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది కథే అయ్యేది కాదు. కానీ వరండా చివర అయిదో తరగతి ఉంది. దాని పక్కన లైబ్రరీ. అక్కడ పుస్తకాలకు బూజు పట్టి, పిల్లలు భూగోళం చదవాలన్నా తుమ్మాల్సి వస్తోంది. ఆవిడ పెదాలు తడుపుకుంది. కప్పుల రుచి మరిగింది.

నమూనాతో పాటు ప్రజాభిప్రాయం అయిదో తరగతికి వెళ్లింది. అయిదో తరగతికి కప్పు పడింది. వంటగదికి వెళ్లింది. పొగ గొట్టంతో సహా పడింది. మండలి వారం వారం విడుదల చేసే ప్రకటనల్లో ఆఫీసరు గారి పేరు పెద్దదవుతూ వచ్చింది. 'నమూనాను మరో ప్రమాదం నుంచి కాపాడిన ప్లానింగ్ ఆఫీసరు.' ఆయనకు ప్రమోషను దగ్గరపడిందని ఆఫీసులో చెప్పుకున్నారు. దాంతో ఆయనే ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు.

"మేడమ్, ఈ వారం ప్రజాభిప్రాయం ఎక్కడండీ?"

"ఆడపిల్లల బాత్‌రూములో."

"బాత్‌రూములోనా?"

"మహిళల అభిప్రాయం కూడా సేకరించాలి కదండీ."

ఆ మాట చైర్మన్ గారి దాకా వెళ్లింది. ఆయన పరవశించిపోయారు. మహిళల పట్ల మండలికున్న గౌరవం గురించి బాత్‌రూము తలుపు ముందు నిలబడి ప్రసంగించారు. ప్రసంగం మధ్యలో తలుపుకు గడియ లేదని గమనించారు. సాయంత్రానికి గడియ పడింది. తరవాత కొళాయి. తరవాత, అంతవరకూ ఎవరూ ఆశ పెట్టుకోని నీళ్లు.

ఇక మిగిలింది లైబ్రరీ. నమూనాను అక్కడికి చేర్చిన రోజునే దరిద్రం కొద్దీ వాన వెలిసింది.

ఒకరోజు చూశారు. రెండు రోజులు చూశారు. ఎండ పెళపెళలాడుతోంది. ఎప్పుడు కదిలించినా అప్పటికప్పుడు తడిసే నమూనాకు ఈసారి ఏమైందో చూద్దామని ఆఫీసరు గారు తనే బయలుదేరుతున్నట్టు కబురు పెట్టారు.

"వదినా, చుక్క పడకపోతే కప్పు రాదు," అన్నాడు డ్రాయింగు మాస్టారు.

"పడకపోతే పొయ్యాలి."

"ఎవరు?"

ఆవిడ తోటలో నీళ్లు పోసే డబ్బా తీసి చేతికిచ్చింది.

"నాకు ఎత్తు అంటే కళ్లు తిరుగుతాయని నీకు తెలుసు."

"తెలుసు. కళ్లు మూసుకో."

మాస్టారు కప్పు ఎక్కాడో లేదో, జీపు ఆవరణలోకి వచ్చింది. ఆఫీసరు గారు గబగబా లైబ్రరీలోకి నడిచి, నమూనా పక్కన నిలబడి, తలెత్తారు. కప్పులోంచి సన్నటి ధార మొదలైంది. కిటికీ బయట ఆరేసిన తువ్వాళ్లు ఎండకు కరకరలాడుతున్నాయి.

పైనుంచి గొంతు వినిపించింది. "వదినా, చాలా? ఇంకో డబ్బా తేవాలా?"

ఆఫీసరు గారు పెద్ద టీచరు వైపు తిరిగారు. "ఎవరది?"

"మా డ్రాయింగు మాస్టారండీ. పైన వాన పరిస్థితి గమనిస్తున్నాడు."

"ఏమంటాడు?"

"పడుతోందంటున్నాడు."

ఆఫీసరు గారు కిటికీలోంచి ఆకాశం చూశారు. మబ్బు తునక లేదు. తన చొక్కా మీద పడ్డ నీళ్లు చూసుకున్నారు. రాబోయే ప్రమోషను చూశారు. చివరికి రిపోర్టు తీసి తన చక్కటి చేతిరాతతో ఇలా రాశారు: 'స్థానికంగా చెదురుమదురు జల్లులు.'

కిందికి దిగాక డ్రాయింగు మాస్టారు అరగంట సేపు నేలను పట్టుకుని కూర్చున్నాడు. లైబ్రరీకి కప్పు పడింది.

*

నెల తిరిగేసరికి ఆ బడిలో కారే చోటే లేకుండా పోయింది. అసలైన కుండపోత వాన పడుతున్న ఒక ఉదయం చైర్మన్ గారు తనిఖీకి వచ్చారు.

పెద్ద టీచరుకు ఒకటే భయం. ఈయన లెక్కలడిగితే? నమూనా గదిగదికీ ఎందుకు తిరిగిందంటే? మరిదిని ఇంటి దగ్గరే ఉండమంది. అతను వినకుండా వచ్చి, కొత్త కప్పుల కింద బల్లలు సర్దుతున్నట్టు నటిస్తూ వెనకే తిరుగుతున్నాడు.

చైర్మన్ గారు హాలు చూశారు. మూడో తరగతి చూశారు. లైబ్రరీలో ఆగి, అరచెయ్యి చాపి, చుక్క కోసం ఎదురుచూశారు. పడలేదు. బాత్‌రూములో కొళాయి తిప్పి, నీళ్లు రావడం చూసి, కట్టేసి, మళ్లీ తిప్పారు.

"అద్భుతం," అన్నారు. "బయట అంత వాన. లోపల ఒక్క చుక్క లేదు. ఆఫీసరూ, ఇది ఎన్నో ఏట జరగాలి మన ప్రణాళికలో?"

"పదకొండో ఏట సార్."

"మొదటి ఏడు ఇంకా మొదలే కాలేదు!" చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. "ముప్పై ఏళ్ల ప్రణాళిక మొదలుకాక ముందే ఫలితాలిచ్చింది! ప్రపంచంలో ఎక్కడైనా విన్నారా?"

పెద్ద టీచరు మరిది వైపు చూసింది. మరిది కప్పు వైపు చూసి దండం పెట్టాడు.

"అమ్మా కన్వీనర్," చైర్మన్ గారు ఆవిడ వైపు తిరిగారు. "జిల్లా మొత్తంలో ఇంత దిట్టమైన భవనం ఇంకొకటి ఉందా?"

"లేదండీ," అంది ఆవిడ. గర్వం ఆపుకోలేకపోయింది పాపం.

"లేదు కదా! అక్కడ మా ఆఫీసులో ప్రణాళిక ఫైళ్లు నానిపోతున్నాయి. జిల్లాలో ఉన్న పిల్లలందరి భవిష్యత్తూ నానిపోతోందమ్మా! ఇంత మంచి కప్పు కింద ఆ భవిష్యత్తు భద్రంగా ఉండొద్దూ? సోమవారం నుంచి మండలి ఆఫీసు ఇక్కడికి మారుతుంది."

"మరి మా పిల్లలండీ?"

"మా పాత ఆఫీసు ఖాళీయేగా. విశాలమైన గదులు. తాత్కాలికంగా అక్కడ కూర్చుంటారు."

"ఎన్నాళ్లు?"

చైర్మన్ గారు ఆఫీసరు గారి వైపు చూశారు. ఆఫీసరు గారు ఆ రోజు పొద్దున్నే డిప్యూటీ డైరెక్టరు అయ్యారు.

"పదకొండో ఏటి దాకా మేడమ్," అన్నారాయన. తరవాత ఆప్యాయంగా, "ఎదుగుతారు," అని కలిపారు.

*

మంగళవారం జిల్లా పేపర్లన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. చైర్మన్ గారు కొత్త ఆఫీసులో, అంటే మూడో తరగతి గదిలో, విలేకరులకు నమూనా చూపిస్తూ ఉన్న ఫొటో వేశాయి. "ఇదే మన పిల్లల బడి," అన్నారట ఆయన, మైనం పిల్లల్ని చూపిస్తూ. వాళ్లు పొడిగా ఉన్నారు.

అదే సమయానికి అసలు మూడో తరగతి, పాత ఆఫీసులో ప్లానింగ్ ఆఫీసరు గారి గదిలో కూర్చుని ఉంది. గదిలో ఒక్క కుర్చీ వదిలేసి వెళ్లారు. దాని వీపుకు కట్టిన నల్ల గొడుగు కూడా అలాగే ఉంది. దాని కింద ఎంతమంది పడితే అంతమంది దూరారు. మిగతావాళ్లు గాలి ఎటు కొడుతోందో చూసుకుంటున్నారు.

కండక్టరమ్మ గుమ్మంలో నిలబడి తలెత్తి చూసింది. విజిలు మెడలోనే వేలాడుతోంది.

"ఏంటి మేడమ్? ఊరంతా తిప్పి మళ్లీ ఎక్కిన స్టాపులోనే దించారు?"

"వారం రోజులు టైమివ్వమ్మా."

"కప్పు వేయిస్తారా?"

"వేయిస్తాను."

"ఈసారి కూడా మీదే పూచీనా?"

"నాదే."

కండక్టరమ్మ ఆవిడ ముఖం వంక చాలాసేపు చూసింది. చీట్లపేక ఎప్పుడూ ఆడినట్టు లేదు గానీ, మనుషుల ముఖాలు చూసే ఉద్యోగం. "వారమే మరి," అని వెళ్లిపోయింది.

"ఏం చేద్దాం వదినా?" అన్నాడు డ్రాయింగు మాస్టారు. చుట్టూ పిల్లలున్నారన్న సంగతి కూడా మర్చిపోయాడు.

పెద్ద టీచరు కప్పులో నెర్రెను చూసింది. చుక్క పడుతున్న చోటును చూసింది.

"మనం తెచ్చిన పుస్తకాల అట్టపెట్టెలు ఉన్నాయా?"

"బోలెడు. ఏం చెయ్యాలి? బడా?"

"బడెవడిక్కావాలి? మండలి కొత్త భవనం చెయ్యి. అయిదంతస్తులు. చైర్మన్ గారి గది ఒక్కటే ఒక అంతస్తు. బయట కారు, కారుకి డ్రైవరు, డ్రైవరుకి గొడుగు."

మూడో తరగతి మొత్తం నేల మీద బోర్లా పడుకుని పనిలో దిగింది. మైనం చైర్మన్ గారిని ముగ్గురు కలిసి చేశారు. పొట్ట ఎంతుండాలన్న దగ్గర కాస్త గొడవైంది. పెద్ద టీచరు తీర్పు చెప్పింది. "ఎంతైనా పెట్టండి. ముఖం మాత్రం నవ్వుతూ ఉండాలి."

మాస్టారు ఒక కన్ను మూసి, గురిచూసి, కొత్త నమూనాను జానెడు పక్కకు జరిపాడు.

చుక్క ఊగింది, ఊగింది, సరిగ్గా చైర్మన్ గారి నెత్తిన పడింది.

పెద్ద టీచరు ఫోను తీసింది.